బయట గడియ

ఇంటాయన పిసినారి అయితే అద్దెకున్నవాళ్ళకి తిట్టుకోవడం తేలిక. లాయరుకి ఆ సుఖం కూడా దక్కలేదు. వాళ్ళ ఇంటాయన పిసినారి కాదు, నోటి దురుసు మనిషీ కాదు. ఫలానాది పాడైందని చెబితే చెవిన పెట్టని రకం అసలే కాదు. చెప్పీ చెప్పకముందే పనిముట్ల పెట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చేసేవాడు. గొడవంతా అక్కడే ఉంది.

లాయరంటే నల్లకోటు వేసుకున్న లాయరు కాదు. కాలేజీలో లా ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి. మాట మాటకీ పాయింటు తీస్తుందని చెల్లెలు పెట్టిన పేరది. చెల్లెలు అదే కాలేజీలో లెక్కలు చదువుతోంది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ ఇంటి మేడమీద వాటాలో ఉండేవారు. ఒక గది, మనిషి పక్కకి తిరిగితే గోడ తగిలే వంటగది, ఒక బాత్రూము. కింద ఇంటాయన, ఆయన భార్య. పిల్లలు ఆయన్ని బాబాయిగారని, ఆవిణ్ణి పిన్నిగారని పిలిచేవారు.

బాబాయిగారు ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. మేకు ముక్క కూడా పారెయ్యలేని అలవాటు అక్కడ పట్టుకుంది. పాత డబ్బాల్లో మరలు, విరిగిన హ్యాండిళ్ళు, సైకిల్ ట్యూబు ముక్కలు, ఏ తాళానికీ పట్టని తాళంచెవులు ఆయన దగ్గర గుట్టలుగా ఉండేవి. మనిషిని పిలిపించి పని చేయించుకోవడమంటే ఆయనకి నామోషీ. "వాడొచ్చి చేసేదేముందమ్మా, మనం చేసుకోలేమా" అనేవాడు. చేసేవాడు కూడా. ఆయన చెయ్యి పడ్డాక ఆ వస్తువు బాగుపడదు, అలాగని పూర్తిగా పాడైపోనూ పోదు. రెంటికీ మధ్య వేలాడుతూ ఉంటుంది.

బాత్రూము తలుపు సంగతే చూడండి. లోపలి గడియ ఊడిపోయిందని చెల్లెలు చెప్పింది. బాబాయిగారు వచ్చి, చెక్కని గోరుతో గీకి చూసి, లోపలివైపు పుచ్చిపోయిందని తేల్చాడు. బయటివైపు చెక్క గట్టిగా ఉంది కాబట్టి గడియ తీసుకెళ్ళి బయట బిగించాడు.

"బయట గడియ ఉంటే లోపలున్నవాళ్ళు ఎలా వేసుకుంటారు బాబాయిగారూ?" అంది లాయరు.

"ఇద్దరున్నారు కదమ్మా. ఒకళ్ళు స్నానం చేస్తుంటే ఇంకొకళ్ళు వెయ్యండి."

ఆయన వేళాకోళం ఆడటం లేదు. చేసిన పని చూసుకుని తృప్తిగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తలుపు వాలు తలుపు. గడియ వెయ్యకపోతే దానంతట అదే బార్లా తెరుచుకుంటుంది. అందుకని నిజంగానే ఒకళ్ళకొకళ్ళు గడియ వేసుకోవడం మొదలుపెట్టారు. ఒకరోజు పొద్దున్న లాయరు అలవాటు కొద్దీ గడియ వేసి, ఆలస్యమవుతోందని బ్యాగు తగిలించుకుని కాలేజీకి వెళ్ళిపోయింది. చెల్లెలు వెంటిలేటర్లోంచి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. పెరట్లో బట్టలారేస్తున్న పిన్నిగారికి ఎప్పటికో వినబడి, పైకొచ్చి తీసింది. చెల్లెలు ఆ రోజంతా అక్కతో మాట్లాడలేదు. పరీక్ష పోయింది మరి.

ఇల్లు మారొచ్చు కదా అంటే, మారడానికి వాళ్ళూ వెతక్కపోలేదు. కాలేజీ చుట్టూ ఉన్న వీధులన్నీ తిరిగారు. ఒకచోట పెద్దగదికి అడ్డంగా రేకులు కొట్టి మూడు గదులు అన్నారు. ఇంకోచోట కిటికీ ఏదని అడిగితే, పొద్దస్తమానం కాలేజీలోనే ఉంటారు కదా, కిటికీ ఎందుకన్నారు. హాస్టల్లో చోటు దొరకని పిల్లలు ఏటేటా వస్తూనే ఉంటారు. ఒకళ్ళు పోతే పదిమంది ఉన్నారన్న ధీమా ఆ ఊరి ఇంటివాళ్ళది. ఆ లెక్కన బాబాయిగారే నయమని తిరిగొచ్చేశారు.

కానీ చెమ్మ మొదలైంది. బాత్రూము గోడలో ఎక్కడో నీళ్ళు కారి, గదివైపు గోడ ఉబ్బి, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలసాగింది. గోడవార పెట్టిన పుస్తకాలకి బూజు పట్టింది. మంచం కిటికీ దగ్గరికి జరిపారు. బాబాయిగారు ఒకసారి తెల్లసిమెంటు పూశాడు. ఇంకోసారి లప్పం పెట్టాడు. మరోసారి గోడకి ప్లాస్టిక్ కాగితం అంటించి, దానిమీద రంగు వేశాడు. నీళ్ళు కాగితం వెనక చేరి, గోడకి కడుపొచ్చినట్టయింది.

అన్నిటికన్నా లాయరు ప్రాణం తీసింది ఆయన రావడం. ఆయన దగ్గర మేడమీది తలుపుకి ఇంకో తాళంచెవి ఉంది. అడగడు, పిలవడు. వీళ్ళు భోంచేస్తుంటే వస్తాడు, నిద్రపోతుంటే వస్తాడు, ఇంట్లో లేనప్పుడూ వస్తాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మంచం జరిపి ఉంటుంది, దుప్పటి మీద సిమెంటు చుక్కలుంటాయి. చెప్పి రమ్మని ఒకటి రెండుసార్లు మర్యాదగానే అడిగింది.

"నేనేమన్నా పరాయివాణ్ణా తల్లీ?" అన్నాడాయన నొచ్చుకుని. "నా ఇల్లే కదా."

"మీ ఇల్లే. కానీ మేముండే గది."

"రెండూ ఒకటే కదమ్మా." ఆయనకి తేడా తెలియలేదు.

అలా ఉండగా లాయరుకి ఒక పేరున్న న్యాయవాదుల ఆఫీసు నుంచి ఇంటర్వ్యూ వచ్చింది. కంప్యూటర్లోనే మాట్లాడతారు. ఆ ముందురోజే కిందికెళ్ళి పిన్నిగారికి చెప్పింది. "రేపు పొద్దున్న చాలా ముఖ్యమైన పనుంది పిన్నిగారూ. బాబాయిగారిని పైకి రావద్దనండి." పిన్నిగారు ఆయనకి చెప్పింది కూడా. ఆయన తలూపాడు.

పొద్దున్న లాయరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెమ్మ కనబడకుండా ల్యాప్‌టాప్ తిప్పి పెట్టుకుని కూర్చుంది. చెల్లెల్ని లైబ్రరీకి పంపేసింది. తెరమీద ముగ్గురు పెద్దవాళ్ళు. మొదటి ప్రశ్నకి చక్కగా చెప్పింది, రెండోది ఇంకా బాగా చెప్పింది. మూడోదానికి నోరు తెరిచేసరికి వెనక తాళం తిరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుని ముందు నిచ్చెన వచ్చింది, దాని వెనక బాబాయిగారు.

"నువ్వు మాట్లాడుకో తల్లీ, నేను చప్పుడు చెయ్యను" అన్నాడు గుసగుసగా. ఆ గుసగుస వీధి చివరిదాకా వినిపించేలా ఉంది.

తెరమీద మధ్యనున్నాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "మీ వెనక ఎవరో ఉన్నారు."

"ఇంటి ఓనరుగారండీ" అంది లాయరు.

అప్పటికే చెమ్మ గోడకి నిచ్చెన వేసి ఎక్కేసిన బాబాయిగారు, తన ప్రస్తావన రాగానే పైనుంచి వంగి తెరలోకి చూశాడు. "నమస్కారమండీ. ఇదిగో, ఇట్టే అయిపోతుంది" అని సుత్తితో గోడని నెమ్మదిగా ఒకటేశాడు. నెమ్మదిగానే వేశాడు, అందులో అబద్ధం లేదు. నీళ్ళు తాగి తాగి ఉన్న గోడ అది. పళ్ళెమంత పెచ్చు ఊడి, మంచం కోడు మీద పడి, అక్కణ్ణుంచి ఎగిరి ల్యాప్‌టాప్ మీద పడింది. తెర నల్లబడింది.

లాయరు పెచ్చు తీసి పక్కన పెట్టి, మీట నొక్కి చూసింది. వెలగలేదు.

"చూశావా, లోపలెంత కుళ్ళిపోయిందో. నేను చూడబట్టి సరిపోయింది" అన్నాడు బాబాయిగారు పైనుంచి.

లాయరు లేచి, ఆయన్ని నిచ్చెన మీదే వదిలేసి కిందికి దిగింది. వంటింట్లో పిన్నిగారు కుళాయికి గుడ్డపీలిక చుడుతోంది. ఆ కుళాయికీ ఆయన వైద్యం జరిగిందని చూడగానే తెలుస్తోంది.

"పిన్నిగారూ, మేం ఖాళీ చేస్తున్నాం" అంది లాయరు. అన్నాక ఏడుపొచ్చింది. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పింది.

పిన్నిగారు పీలిక చుట్టడం ఆపి విన్నది. ఓదారుస్తుందేమో అనుకుంది లాయరు. ఆవిడ ముఖం చూస్తే ఓదార్చే ముఖంలా లేదు.

"నీకేమ్మా, నువ్వు ఖాళీ చేసి పోతావు. నేనెక్కడికి పోను?" అందావిడ. "మా గదిలో ఫ్యాను వేస్తే లైటు ఆరిపోతుంది. ఆ బీరువా తెరవాలంటే ఒకళ్ళు కిందనుంచి ఎత్తి పట్టుకోవాలి. ఈ కుళాయి ఇలా చుట్టుకుంటూనే నాకు జుట్టు తెల్లబడింది. నువ్వొచ్చి నిన్నకాక మొన్న. నాకు పెళ్ళైనప్పటినుంచీ ఇదే."

అంతసేపూ ఆవిడ గొంతు పెంచలేదు. చెయ్యి తుడుచుకుని హాల్లోకి వెళ్ళి, అప్పుడే నిచ్చెనతో దిగివస్తున్న భర్త ఎదుట నిలబడింది.

"ఆ తాళంచెవి ఇటివ్వండి."

"ఏ తాళంచెవి?"

"పైదాందే."

"ఎందుకు? పని సగంలో ఉంది."

"మీ పని ఎప్పుడూ సగంలోనే ఉంటుంది. ఇవ్వండి."

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని లాయరు చేతిలో పెట్టి, "వారంలోగా గోడ బాగు చేయిస్తాను. చేయించలేకపోతే అప్పుడు ఖాళీ చెయ్యి, నేనే దగ్గరుండి సామాను సర్దిపెడతాను" అంది. భార్య తనని కాదని బయటి మనిషిని పిలవబోతోందని అర్థమయ్యాక బాబాయిగారు ఆ పూట అన్నం తినలేదు.

ప్లంబరు వచ్చాడు. వచ్చినవాడు గోడంతా పగలగొట్టి, పైపు ముక్క తెస్తానని వెళ్ళి రెండు రోజులు అజాపజా లేకుండా పోయాడు. ఫోను చేస్తే దారిలో ఉన్నానంటాడు. ఏ దారో తెలియదు. బాబాయిగారు కుర్చీలో కూర్చుని, ఎవర్నీ ఉద్దేశించకుండా, "మనిషిని పిలిస్తే ఇంతే" అని గాల్లోకి అంటూండేవాడు. పిన్నిగారు పళ్ళు కొరుక్కుంది గానీ, పట్టు విడవలేదు.

పైన నీళ్ళు కట్టేశారు కాబట్టి అక్కచెల్లెళ్ళు కింది బాత్రూము వాడుకోవాల్సి వచ్చింది. అది హాలు దాటాక ఉంది. పొద్దున్నే బాబాయిగారు బనీనుతో, కాళ్ళు బల్లమీద పెట్టుకుని పేపరు చదువుతుంటే ముందు చెల్లెలు బకెట్టుతో వెళ్ళేది, తర్వాత లాయరు తువ్వాలుతో వెళ్ళేది, సబ్బు మర్చిపోయానని చెల్లెలు మళ్ళీ వచ్చేది. ఆయన చొక్కా కోసం వెతుక్కునేవాడు. దొరికేలోపు ఇంకొకళ్ళు దాటిపోయేవారు. మూడోరోజు ఆయన పేపరు కింద పడేశాడు.

"ఏమ్మా, ఇంట్లోకి వచ్చేటప్పుడు తలుపు కొట్టాలని తెలీదా మీకు? మనిషన్నాక ఎలాగో ఒకలా కూర్చునుంటాడు."

అని, ఆగిపోయాడు. చెల్లెలు బకెట్టు వెనక నవ్వు దాచుకోవడానికి నానా యాతనా పడింది. ఎంతటిదానికైనా పాయింటు తీసే లాయరు ఆ పూట పాయింటు తియ్యలేదు.

"రేపట్నుంచి కొట్టి వస్తాం బాబాయిగారూ" అంది. అంతే. వంటింట్లో పిన్నిగారు గిన్నెలు కడగడం ఆపినట్టు తెలిసింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన పేపరు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

చివరికి ప్లంబరు వచ్చాడు. గోడలో పగిలిన పైపు మార్చాడు. ఎలాగూ వచ్చాడు కదా అని పిన్నిగారు తన కుళాయి కూడా మార్పించుకుంది. పైన బాత్రూములో నీళ్ళు పోయే తూములో తీగ పెట్టి లాగితే ఉండ కట్టిన పొడుగాటి జుట్టు ఇంతంత వచ్చింది. దాన్ని చూసి బాబాయిగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఇది నా తప్పా? ఇదీ నా తప్పేనా?" అని చూసినవాళ్ళందరికీ చూపించాడు. అది అక్కచెల్లెళ్ళ తప్పే. ఒప్పుకున్నారు. తూముకి జాలీ వేస్తామని, వారం వారం తీసి పారేస్తామని మాటిచ్చారు. చెల్లెలు రెండుసార్లు మర్చిపోయి చీవాట్లు తింది. గోడకి కొత్త సున్నం పడింది. బాత్రూముకి కొత్త తలుపు, లోపల గడియ వచ్చాయి.

లాయరుకి ఆ ఉద్యోగం రాలేదు. వాళ్ళు మర్యాదస్తులే, మళ్ళీ ఒక రోజు చూసి మాట్లాడారు. కానీ రాలేదు. నిచ్చెన వల్ల పోయిందా, తన జవాబుల వల్ల పోయిందా అన్నది తేలే విషయం కాదు. చెల్లెలితో మాత్రం నిచ్చెన వల్లేనని వాదించేది. ఖాళీ మాత్రం చెయ్యలేదు. పిన్నిగారు మాట నిలబెట్టుకున్నాక ఎలా చేస్తుంది?

గోడ ఆరాక ఒక సాయంత్రం ఇద్దరూ చదువుకుంటుంటే తలుపు టకటకమంది. వినడానికి ఎంతో హాయిగా ఉంది. చెల్లెలు లేచేలోపే తలుపు తోసుకుని బాబాయిగారు లోపలికి వచ్చేశాడు.

"కొట్టాను కదా" అన్నాడు వీళ్ళ ముఖాలు చూసి.

"కొట్టారు. మేం రమ్మనలేదుగా" అంది లాయరు.

"రమ్మనేదాకా నిలబడాలా?"

"నిలబడాలి బాబాయిగారూ."

ఆయన ఒక్క నిమిషం ఆలోచించాడు. వాదిద్దామనుకున్నాడు, వాదించలేదు. బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేసి మళ్ళీ కొట్టాడు.

"ఎవరూ?" అంది చెల్లెలు. ఆ పిల్లకి అది అవసరమా?

"నేనేనమ్మా. కిటికీ రెక్క కొట్టుకుంటోందట, మీ పిన్ని చెప్పింది. బిగిద్దామని."

లాయరు పుస్తకం వంక చూసింది. మర్నాడు పరీక్ష. లోపలికి వస్తే కిటికీ రెక్కతో ఆగడని తెలుసు. "ఇవాళ కుదరదండీ, చదువుకుంటున్నాం. ఎల్లుండి రండి."

పెట్టెలో పనిముట్లు గలగలమంటూ మెట్లు దిగిపోయాయి.

"ఎల్లుండి రమ్మన్నారు" అన్నాడాయన కింద, పెళ్ళాంతో ఫిర్యాదుగా.

"అయితే ఎల్లుండి వెళ్ళండి" అంది పిన్నిగారు. ఆయన పెట్టె పట్టుకుని ఇటూ అటూ చూసి వంటింటి వైపు రెండడుగులు వేశాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి వంటింటి తలుపు మూసేసింది.