సింగారెడ్డి గీకిన విల్లు

నేను ఒక విల్లును. పాపికొండల్లోని కొండరెడ్ల గూడెంలో పల్లాల సింగారెడ్డి నన్ను తడ చెట్టు కర్రతో చెక్కాడు. చుట్టుపక్కల గూడేల్లో ఆయన చేతి విల్లుకు మంచి పేరు. ఆ నేర్పే ఆయన కొంప ముంచింది.

మొదట్లో తప్పు నాదే, ఒప్పుకుంటాను. నా రెండు కొసలూ మొద్దుగా, బరువుగా ఉండేవి. బాణం వెళ్ళిపోయాక కొసల్లో మిగిలిన ఊపు పిడిలోకి వచ్చి ఆయన మణికట్టును తన్నేది. సింగారెడ్డి విసుక్కోకుండా గాజుపెంకుతో గీకాడు. లాగి చూడడం, మళ్ళీ గీకడం. వారం తిరిగేసరికి కొసలు చిటికెనవేలంత సన్నబడ్డాయి. బావమరిది ఒక బాణం వేసి చూసి, చేతికి అదురే తెలియడం లేదన్నాడు. వేసి చూసినవాళ్ళందరిదీ అదే మాట.

సింగారెడ్డికి మాత్రం ప్రాణం పోయేంత నొప్పి. రెండేళ్ళ కిందట కల్లు తీయడానికి ఎక్కిన జీలుగు చెట్టు మీంచి జారిపడి ఆ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పసరుకట్టుతో అతుక్కుందని ఊరందరికీ చెప్పుకున్నాడు గానీ, అతుక్కోలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయన భార్య బుల్లెమ్మకు తెలుసు. మనుషులు చిత్రమైనవాళ్ళు, చేతిలో నొప్పిని కర్రలో వెతుకుతారు.

భూమి పండుగ దగ్గరపడింది. ఆనాడు గూడెం మగవాళ్ళంతా వేటకు పోతారు. ఆ వేటలో మొదటి బాణం తాతల నాటి నుంచి ఆయన ఇంటిదే. వెయ్యలేనంటే ఆ వంతు ఇంకో ఇంటికి పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. అందుకని, నేను మెత్తబడితే తన్ననని, కొసలు వదిలి నా నడుం దాకా గీకడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

బుల్లెమ్మ వచ్చి గాజుపెంకు లాక్కుంది. "ఇంక గీకకు మావా. అదురు దీంట్లో లేదు, నీ సేతిలో ఉంది."

ఆయన గాజుపెంకు కోసం చెయ్యి చాచాడు. "నాకు తెలవదనుకున్నావా? సెయ్యి గీకలేను గదే," అన్నాడు. గాజుపెంకు తిరిగి తీసుకున్నాడు.

పండుగనాడు అందరి ముందూ నన్ను ఎక్కుపెట్టాడు. నాలో చేవ లేదు. బాణం పది అడుగులు పోయి ఎండుటాకుల్లో పడింది.

వేట నుంచి ఉత్తచేతులతో వచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు నవ్వుతూ పేడనీళ్ళు చల్లడం ఆ గూడెం ఆనవాయితీ. ఆ సాయంత్రం కూడా చల్లారు. సింగారెడ్డి మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు. ఆయన రాగానే నవ్వులు ఆపి, పక్కకు తొలగి దారి ఇచ్చారు. బుల్లెమ్మ కూడా చెంబు కింద పెట్టేసింది.

ఇప్పుడు నేను చిక్కుడు పాదుకు ఊతకర్రను. ఆ చివరి బాణానికి ఆయన చెయ్యి అదరలేదు. తన్నడానికి నాలో ఏమీ మిగల్లేదు.