నర్సింగమ్మ పాఠం

పొద్దున చాయ్ ఎవరు పెట్టాలని ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ అడిగింది లేదు. ఎవరి పని అని చెప్పకపోతే అది అండాలు పనే. చాయ్, బోళ్లు, అత్తకు వేడినీళ్లు, అన్నీ అయ్యాక పాలమూరు బస్టాండు దగ్గర మొగుడు ఎల్లస్వామి పెట్టిన కంప్యూటర్ షాపులో తెలుగు టైపు కొట్టడం కూడా. జీతం మాటెత్తితే అత్త నవ్వేది: "సొంత దుకాణంల జీతమేందే? రేపు కూరొండినందుకు గూడ అడుగుతవా?"

ఆ ఏడు, చదువు నేర్చుకునే ఆడవాళ్ల కోసం నలభై పాఠాల పుస్తకం పని వచ్చింది. పాఠానికో ఫైలు. అన్నిటినీ కలిపి ఒక్క పుస్తకంగా కుట్టే ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఏ పాఠం తర్వాత ఏదో దానికి పట్టీ రాసివ్వాలి. అక్షరాలు ఏ కోడ్‌లో ఉన్నాయో అందులో రాయకపోతే, కంప్యూటర్ మిషన్‌కు ఏది అలవాటైతే అదే అనుకుంటుంది. షాపులోని పాతదానికి తెలుగు అలవాటు; దాన్ని ఇచ్చేసి కొత్తది తెస్తున్నారు.

"కొత్త మిషన్‌కు ఇంగ్లీషే అలవాటంట. పట్టీ మీద తెలుగు కోడ్ అని ఒక్క లైను రాద్దం. ఏ మిషన్ల పెట్టినా ఫికరుండది," అన్నది అండాలు.

"ఇన్నొద్దులు నడువలేదా? నువ్వు కొట్టుడు కొట్టు. సెట్టింగులు నాకిడిసిపెట్టు," అన్నాడు ఎల్లస్వామి.

నలభయ్యో పాఠం ఎవరూ రాసిచ్చింది కాదు. చివర ఒక పేజీ మిగిలితే, అండాలు తన తల్లి నర్సింగమ్మను పక్కన కూచోబెట్టుకుంది. నందికొండ డ్యాం కట్టేటప్పుడు రాళ్లు మోసిన ముచ్చట ఆమె చెప్తుంటే చెప్పినట్టే కొట్టింది. నెత్తిన తట్ట, చంకన పిల్ల. ఆ పిల్ల అండాలే. కాగితం మీద ఒక్క ముక్క లేదు. నెల తిరక్కుండానే నర్సింగమ్మ కన్నుమూసింది.

అండాలు తల్లి పదకొండో రోజు చేసి వచ్చేసరికి, ఎల్లస్వామి కొత్త మిషన్‌లో పుస్తకం కుట్టేశాడు. చూసుకోకుండా, పాఠాల ఫైళ్లున్న ఫ్లాపీల మీదే దాన్ని ఎక్కించి, పాత మిషన్‌ను ఖాళీ చేసి ఇచ్చేశాడు. తెర నిండా ప్రశ్న గుర్తులే, ఒక్క అక్షరం లేదు. పని ఇచ్చిన జానయ్య సారు పుస్తకం కోసం వస్తే, ఎల్లస్వామి, "ఆడోళ్ల చేతిల పెడితే గింతే సార్," అన్నాడు.

అండాలు పట్టీ మీద మొదట తెలుగు కోడ్ లైను రాసింది. కాగితాలు ముందేసుకుని ముప్పై తొమ్మిది పాఠాలూ మళ్లీ కొట్టింది. నలభయ్యోదానికి వేళ్లు ఆగిపోయాయి. ముచ్చట యాదికుంది గానీ, తల్లి మాటలు తల్లి చెప్పిన వరసలో రావడం లేదు. తాను అల్లి రాస్తే అది తన పాఠమవుతుంది తప్ప అమ్మది కాదు. పైన నర్సింగమ్మ అని పేరు కొట్టి, కింద ఆ ప్రశ్న గుర్తులు అట్లాగే ఉంచింది.

"గిదేంది?" అన్నాడు ఎల్లస్వామి.

"మా అమ్మ పాఠం. గట్లనే అచ్చు కావాలె."

"పోయిన ముసల్దాని ముచ్చటకు పుస్తకం ఖరాబు చేస్తవా? తీసెయ్."

అండాలు కుర్చీలోంచి లేచింది. చాయ్ పెట్టడానికి లేచిందనుకున్నాడతను.

"జర శక్కరి తక్కువెయ్."

ఆమె చెప్పులేసుకుని మెట్లు దిగి నందికొండ బస్సెక్కింది, అంత పెద్ద డ్యాం గోడలో అమ్మ మోసిన రాయి ఏదో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరని తెలిసి కూడా.