వెదురు బిళ్లల వీపులు

కొండల్లో నేస్తం కట్టడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. సరళ, గాయత్రి ఇటుకల పండగ నాడు ఊరందరి ముందూ పూసల దండలు మార్చుకుని, ఒకే ఆకులో తిని నేస్తం కట్టినవాళ్లు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే నేస్తం తెగినట్టే. హాస్టల్లో ఎవరైనా కావాలని పక్కమంచం పిల్ల పేరేమిటని ఆటపట్టించినా సరళ నేస్తం అనేదే తప్ప, గాయత్రి పేరు ఛస్తే పలికేది కాదు.

అలాంటి గాయత్రి చేసిన పని వింటే ఎవరికైనా కడుపు మండుతుంది.

పెదబయలు దగ్గర వాళ్లు చదివే బడిలో అనూరాధ లెక్కల టీచరు. ఆదివారాలు ప్రొజెక్టర్ మీద పిల్లలకు ఒక జపాన్ కార్టూన్ సీరియల్ వేసేది. గులాబి రంగు జుట్టు, ఇంతింత కళ్లు ఉన్న బడిపిల్లలు అందులో జట్లు కట్టి మాజాంగ్ పోటీలు ఆడుతుంటారు. మన రమ్మీ లాంటి ఆటే, పేకముక్కలకు బదులు బిళ్లలు. గెలిచే ముందు ఉరుములూ మెరుపులూ, ఓడితే బావురుమని ఏడుపు, ఆ వెంటనే అందరూ కలిసి నూడుల్స్ తినడం. ఆడపిల్లలందరికీ ఆ పిచ్చి పట్టుకుంది. మరి బిళ్లలో? వేసవి సెలవుల్లో తండ్రి కత్తితో సరళ వెదురు కోసి, నున్నగా గీకి, పూలూ అంకెలూ నాలుగు దిక్కుల గాలులూ చెక్కి, సెట్టు మొత్తం తనే చేసుకొచ్చింది. అరచేతులు బొబ్బలెక్కినా పట్టించుకుంటే ఒట్టు.

వచ్చిన చిక్కల్లా వెదురుతోనే. కొన్న బిళ్లలైతే వెనకవైపు అన్నీ ఒకేలా ఉంటాయి. వెదురు బిళ్లల్లో ఒకదానికి కణుపు మచ్చ ఉంటుంది, ఒకదానికి నార వంకరగా ఉంటుంది. చెక్కిన చెయ్యి కదా, వీపు చూస్తే చాలు, అవతలి బొమ్మ ఏదో సరళకు తెలిసిపోయేది. అలా గెలిస్తే మోసమని భయపడి, బిళ్ల తీసేటప్పుడు కళ్లు మూసుకునేది. ఎదుటివాళ్ల బిళ్లలు కనిపించకుండా తల వంచుకునే ఆడేది. కార్టూన్ పిల్లలా స్టైలు కొడుతోందని అందరూ నవ్వేవారు. అసలు సంగతి ఒక్క గాయత్రికే చెప్పింది. నేస్తం దగ్గర దాపరికం ఉండకూడదు మరి.

విశాఖపట్నంలో బడిపిల్లల మాజాంగ్ పోటీ పెడుతున్నారని, బడికి ఒక్కరే వెళ్లాలని కబురొచ్చింది. అసలైన బిళ్లలు ఒక్కసారి చేత్తో పట్టుకోవాలని సరళకు ప్రాణం కొట్టుకుపోయింది. ఎంపిక ఆటలో ఆమే గెలిచింది, గాయత్రి రెండోది. పిల్లలు చప్పట్లు కొడుతుంటే గాయత్రి లేచి నిలబడింది.

"టీచర్, సరళకి బిళ్లల వీపులు తెలుసు. కావాలంటే దాన్నే అడగండి."

సరళ! నేస్తం కట్టాక ఆ నోట తన పేరు వినడం ఆ పిల్లకు అదే మొదటిసారి. మిగతా మాటలు తర్వాతెప్పుడో చెవికెక్కాయి.

నిజమేనా అంటూ టీచరు ఒక బిళ్ల బోర్లించి చూపించింది. తెలియదంటే పోయేది, ఎవరు పట్టుకుంటారు? సరళకు అబద్ధానికి నోరు రాలేదు.

"తూర్పు గాలి," అంది.

టీచరు తిప్పి చూసింది. తూర్పు గాలే.

"నాను సూడ్లేదు టీచర్. కళ్లు మూసుకునే తీసేను. నేస్తానికి తెలుసు, అడగండి."

అడిగితే గాయత్రి గోరు కొరుక్కుంటూ, కళ్లు మూసిందో సందులోంచి చూసిందో తనకేం తెలుసంది. ఎంత మాట! ఆ కళ్లు ఎందుకు మూస్తోందో లోకంలో తెలిసింది దానికొక్కదానికే. టీచరు చెడ్డది కాదు. గుర్తులు తెలిసిన బిళ్లలతో ఆడిన ఆట చెల్లదంటూ బాధపడుతూనే గాయత్రి పేరు రాసుకుంది. సరళ ఆ పూట అన్నం ముట్టలేదు.

ప్రయాణం రోజు పొద్దున్నే గేటు దగ్గర జీపు ఆగింది. కుళాయి దగ్గర బట్టలు ఉతుక్కుంటున్న సరళ దగ్గరికే గాయత్రి సిగ్గూ ఎగ్గూ లేకుండా వచ్చింది.

"నేస్తం, నీ బిళ్లలోసారియ్యవా? దార్లో ప్రాక్టీసు సేసుకుంటాను."

సరళ తడి చేతులు గౌనుకు తుడుచుకుంది. లోపలికి వెళ్లి, పెట్టె తెరిచి, బిళ్లల సంచి తెచ్చి గాయత్రి చేతిలో పెట్టింది. ఊరందరి ముందు మార్చుకున్న పూసల దండ కూడా మెడలోంచి తీసి ఆ సంచి మీద పెట్టింది.

"బేగి ఎల్లు, గాయత్రీ. జీపు ఎల్లిపోతాది."