కోలిన్ అడగలేని రెండు వారాలు

ఇంగ్లండులోని బర్న్‌లీ ఊరి బిస్కెట్ ఫ్యాక్టరీలో రెండో నంబరు ఓవెన్ దగ్గర పనిచేసే కోలిన్ ఆష్‌వర్త్, బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమాపణ చెప్పుకునే మనిషి. ఒకసారి బట్టల కొట్లో నిలబెట్టిన బొమ్మకు తగిలి దానికీ చెప్పాడు. ఇంకొకరు ఎగతాళి చేసేలోగా ఆ సంగతి తనే అందరికీ చెప్పి నవ్వేవాడు.

నలభై ఒకటో ఏట తండ్రి కాబోతున్నాడు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది కనుక ఆపరేషను తప్పదని, డిసెంబరు మొదటి మంగళవారమని ఆసుపత్రిలో తేల్చేశారు.

"కుట్లతో నేను బిడ్డను ఎత్తుకుని మెట్లెక్కలేను. రెండు వారాలు నువ్వు ఇంట్లో ఉండి తీరాలి. నాకింకెవరున్నారు?" అంది భార్య రోవెనా.

బిడ్డ పుడితే తండ్రికి రెండు వారాల సెలవు అక్కడి చట్టమే ఇస్తోంది. కోలిన్‌కు తొమ్మిదేళ్ల సర్వీసుంది, అర్హతకు ఢోకా లేదు. చేతికొచ్చేది మామూలు జీతంలో సగం కూడా ఉండదని తెలిసి రోవెనా వేసవి నుంచే సర్దుకుంటూ వచ్చింది. పురుడు వచ్చే వారానికి పదిహేను వారాల ముందే ఫ్యాక్టరీకి తెలపాలంటే, కోలిన్ పదిహేడు వారాల ముందే ఫారం నింపి సంతకం పెట్టాడు. అక్కడితో ఆగితే అతను కోలిన్ ఎందుకవుతాడు? ఫారానికి ఒక ఉత్తరం గుచ్చాడు. ఒక్క వారమైనా చాలని, పండగ ఆర్డర్లు ఎక్కువైతే అదీ అక్కర్లేదని, శ్రమ కలిగించినందుకు మన్నించమని.

నవంబరులో గోడకు డిసెంబరు డ్యూటీ పట్టిక అంటించారు. నెలంతా రెండో ఓవెన్ ఎదుట కోలిన్ పేరే ఉంది.

మొహమాటానికి పోతే కడుపైందని సామెత. ఇతని విషయంలో కడుపు ముందొచ్చింది, మొహమాటం మాత్రం వదల్లేదు. గుండె చిక్కబట్టుకుని జీతాలు, సెలవులు, డ్యూటీలు చూసే మోరీన్ గది తలుపు తట్టాడు.

"కూర్చో నాయనా. ఏంటి సంగతి?"

"ఏం లేదండీ. మీ మోకాలు ఎలా ఉందో కనుక్కుందామని."

మోకాలి గురించి, కుక్క గురించి, వాన గురించి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. బయటికొచ్చేసరికి కోలిన్ చేతిలో విరిగిన బిస్కెట్ల పొట్లం ఉంది. పైగా రెండు ఆదివారాలు అదనపు డ్యూటీకి ఒప్పుకుని వచ్చాడు.

ఇంటికెళ్లి ఈ కథ రోవెనాకు అభినయంతో సహా చెప్పాడు, నవ్వుతుందని. ఆమె నవ్వలేదు.

"సెలవు సంగతి తేల్చుకోడానికెళ్లి ఆదివారాలు కూడా ఇచ్చొచ్చావా?"

"ఆవిడ మోకాలు నిజంగానే బాగాలేదు, రో."

"నాకు కడుపు కోస్తారు కోలిన్," అంది రోవెనా.

సిగ్గుతో ఆ రాత్రి కోలిన్ గిన్నెలన్నీ తనే కడిగి, కడిగినవే మళ్లీ కడిగాడు.

మర్నాడు మోరీన్ గదిలో కూర్చోకుండానే చెప్పాడు. "నాకు రెండు వారాలు కావాలండీ. పూర్తిగా రెండు."

మోరీన్ సొరుగులోంచి ఫారం తీసింది. "ఇది గడువులోనే వచ్చింది నాయనా. కానీ ఈ ఉత్తరం చూసి, ఇంట్లో ఉండటం నీకే ఇష్టం లేదేమో అనుకున్నా. మా ఆయన అంతే, పెద్దది పుట్టినప్పుడు పనుందని పారిపోయాడు. నిన్న కూర్చున్నంతసేపూ నువ్వు నోరు విప్పుతావని చూశా. మోకాలి గురించే చెప్పించావు."

"మీరు ఒప్పుకుంటారో లేదోనని..."

"నేను ఒప్పుకునేదేంటి? ఇది అడుక్కోవడం కాదు. నువ్వు చెప్తావు, మేం రాసుకుంటాం. చట్టంలో ఉన్నది అంతే." ఆమె ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది.

"మరి ఆ ఆదివారాలు?"

"అవి నువ్వు నోరారా ఇచ్చినవి. అవి చెయ్యాల్సిందే."

చేశాడు. చెప్పిన మంగళవారమే కూతురు పుట్టింది. తల్లీబిడ్డలు ఇంటికొచ్చిన మూడో రోజు ఫోర్‌మన్ ఫోన్ చేశాడు.

"ఒక్క షిఫ్టు రాగలవా కోలిన్? నీకు ఇబ్బంది లేకపోతేనే."

కోలిన్ భుజం మీద పాప నిద్రపోతోంది. "ఇబ్బందే," అని ఫోన్ పెట్టేశాడు.

వెంటనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. పావుగంట ఓర్చుకున్నాడు. ఈలోగా పాప లేచి ఏడ్చింది. పైనుంచి రోవెనా పిలిచింది. కోలిన్ ఫోన్‌ను బల్ల మీదే వదిలేసి, బిడ్డను రెండు చేతులా పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు.