ఊరు వదిలిన నాడు ఇంజను మోత

కంబదూరుకు నాలుగు మైళ్ల అవతల ఒక పల్లె. అరవై మూడో సంవత్సరం అక్కడ ఎండ ఎట్లా కాసిందంటే, కోడిపెట్ట పొద్దున గుడ్డు పెడితే మధ్యాహ్నానికి అది ఉడికిన గుడ్డే. నీడ కోసం కాకులు ఒకదాని రెక్క కింద ఒకటి దూరి కొట్లాడుకునేవి. ఆ పల్లెలో బోరు వెయ్యడానికి వచ్చినవాడు అబ్దుల్ గఫూర్ ఇంజనీరు. రెండు వందల అడుగులు దింపినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పాతాళంలో ఎవరో తుమ్మిన శబ్దం మాత్రం పైకి వినిపించిందని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు.

గఫూర్ పుట్టింది రంగూన్‌లో. పద్నాలుగేళ్లప్పుడు, అక్కడ బాంబులు పడుతున్న రోజుల్లో, రొట్టెల కోసం బజారుకు పోయి తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ, నాయన, చెల్లెళ్లు అంతా మాయం. మళ్లీ కనబడనే లేదు. నడిచి, పడవెక్కి, మళ్లీ నడిచి ఈ దేశానికి చేరాడు. మద్రాసులో కష్టపడి ఇంజనీరింగు చదివాడు. పెళ్లయిన తర్వాత భార్య జుబేదాబీని, కూతుళ్లు అమీనాను, గౌస్‌బీని ఏ క్యాంపుకైనా వెంటబెట్టుకునే పోయేవాడు. కోడి అయినా తన పిల్లల్ని ఒక్క ఘడియ మరుస్తుందేమో గానీ, గఫూర్ మరవడు.

ఆ వారం బోరు మిషన్ ఇరుసు విరిగింది. బాగు చేయించుకుని శనివారం సాయంత్రం బస్సుకు వస్తానని చెప్పి పామిడి పోయాడు. శనివారం పొద్దునకే పని అయిపోయింది. పిల్లలతో కలిసి మధ్యాహ్నం అన్నం తినొచ్చని ఆశ పుట్టింది. వాళ్ల గౌన్లకు పూలగుడ్డ కొని, ఒక గడ్డి లారీ పట్టుకుని వచ్చి, దారిలోనే దిగి, ఇరుసు భుజానికెత్తుకుని అడ్డదారిన చేలగట్ల మీద నడిచాడు.

ఊళ్లో అడుగు పెడితే కుక్క మొరగలేదు.

గఫూర్ నిలబడిపోయాడు. కోడి లేదు, మేక లేదు, రోకటి పోటు లేదు. ప్రతి వాకిలికీ అడ్డంగా ముళ్లకంప. తన ఇంటికీ ముళ్లకంపే. ఉత్త చేతులతో దాన్ని లాగి పారేశాడు. లోపల పొయ్యి మీద నీళ్లు చల్లి ఉన్నాయి. చాపలు చుట్టి ఉన్నాయి. మనుషులు లేరు.

"జుబేదా! అమీనా!"

తన కేకే నాలుగు వీధులూ తిరిగి తన దగ్గరికే వచ్చింది. కలరా వచ్చిందా? ఎవరైనా తరిమేశారా? ఊరు ఊరంతా ఎట్లా పోతుంది? పిచ్చివాడిలా పొలిమేరకు ఈవల ఉన్న బోరు మిషన్ దగ్గరికి పరుగెత్తి, హ్యాండిల్ పట్టుకుని, ఇరుసు లేకున్నా తిరిగే ఇంజనును తిప్పాడు. బతికున్నవాళ్లు ఎక్కడున్నా ఈ మోత వింటారు. ఇంజను ధనధనమని లేచింది. నల్లటి పొగ ఎంత పైకి పోయిందంటే, సూర్యుడికి దగ్గు వచ్చింది.

కాసేపటికి మైలు దూరంలోని చింతతోపు నుంచి దుమ్ము లేచింది. ఊరంతా పరుగెత్తుకొస్తోంది! వచ్చినవాళ్లు వచ్చినట్టే పొలిమేర బండ దగ్గర, తాళ్లు కట్టి లాగినట్టు ఆగిపోయారు. పెద్దమనిషి సోమప్ప నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఆపప్పో! ఎంత పని చేసినావప్పా ఇంజనీరూ!"

"నా పిల్లోళ్లు యాడ?" అని అరిచాడు గఫూర్.

"ఈడే ఉండారు కదప్పా!" అంది ముసలి హనుమక్క. "తోపులో రొట్టె తింటాంటిమి. నీ ఇంజను మోత ఇని రొట్టె గొంతులోనే నిలిచిపాయె. మనిషి లేని ఊళ్లో దయ్యాలే బోరు ఏస్తాండాయి అనుకుంటిమి!"

సంగతి ఇది. వాన మొహం చాటేస్తే ఆ పల్లె ఒక దినం ఊరు వదులుతుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా ఊళ్లో మనిషీ గొడ్డూ ఉండకూడదు, పొగ లేవకూడదు. గఫూర్ పామిడిలో ఉండగా పెద్దలు నిర్ణయించారు. అతనికి చెప్పడానికి ఈరన్న అనే కుర్రాణ్ణి సాయంత్రం బస్సు దగ్గర కాచుకోమన్నారు. పిల్లల మీది ఆశతో గఫూర్ ముందే దిగుతాడని ఎవరికి తెలుసు?

జుబేదాబీ పొలిమేర దాటబోయింది. పక్కింటి మారెక్క ఆమె కొంగు పట్టుకుంది. "పొద్దు గూకలేదమ్మే! దాటితే వాన రాదు!"

"రాకుంటే పెన్నలో చెలమలు తీసి మోసుకొస్తాలే. ఆయప్ప మొగం సూడు, పానం ఉండాదా?"

కొంగు విడిపించుకుని పరుగెత్తింది. వెనకే ఇద్దరు పిల్లలూ. ఇంజను ఇంకా మోగుతూనే ఉంది. జుబేదాబీయే ఆపింది.

"నేను చచ్చిపోయినానని అనుకుంటివా?" అంది.

అతను ముగ్గురినీ ఒక్కొక్కరినే తడిమి చూసుకున్నాడు.

పొలిమేర బండ మీద నుంచి సోమప్ప గొంతు సవరించుకున్నాడు. "పొగ లేసింది గాబట్టి ఈ దినం లెక్కలోకి రాదు. రేపు మళ్లా ఊరు వదలల్ల."

"మళ్లా రొట్టెలు కాల్చల్లనా? నా నడుం ఇరిగిపాయె!" అని మారెక్క గొల్లుమంది.

"తప్పు ఇంజనీరుది. రేపు ఊరి నీళ్లకుండలన్నీ ఆయప్పే మోస్తాడు," అన్నాడు సోమప్ప.

గఫూర్ తలెత్తాడు. "రేపు వీళ్లు నా పక్కనే నడుస్తారా?"

"ఇంకెవురి పక్కన నడుస్తారప్పా?"

"అట్లయితే కుండలు ఎన్నుండాయో చెప్పు," అన్నాడు గఫూర్.