నీలవేణి వాన పుస్తకం

నౌపడ ఉప్పుమడుల్లో పొద్దు పొడవకముందే పని మొదలయ్యేది. అడుగున పేరిన ఉప్పును గట్టుకు లాగడం, తట్టలకెత్తి కుప్ప పోయడం. కూలి దానమ్మ పనిచేసే మడీ అన్నిటిలాంటిదే. కాకపోతే అందులోని నీళ్ళలో రేపటి ఆకాశం కనబడేది. మబ్బు కనబడితే మేస్త్రీ గణపతిరావు కుప్పల మీద తాటాకులు కప్పించేవాడు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కారు.

అరవై ఎనిమిదిలో కూర్మనాథం అనే శాస్త్రవేత్త పల్లెలకు సైన్సు చెప్పడానికి వచ్చాడు. మంచి మనిషే. స్టేషన్లో పర్లాకిమిడి చిన్న బండికోసం కూర్చున్నవాళ్ళను కూడా వదలకుండా మేఘం ఎలా పుడుతుందో చెప్పేవాడు. ఆ బండి ఎంత నిదానమంటే, ఆయన ఉపన్యాసం అయ్యాకే వచ్చేది.

మాటలతో సరిపెట్టక, దానమ్మ మడి గట్టున గీతల గాజు వర్షమాపకం ఒకటి పాతించాడు. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు చూసి పుస్తకంలో రాసే పని దానమ్మ కూతురు నీలవేణికి ఇచ్చాడు. అయిదో తరగతి చదివిన పిల్ల. ఉప్పునీళ్ళకు అరికాళ్ళు పగిలి, అడుగు వెయ్యడమే కష్టంగా ఉండేది. వేసవి జల్లుల లెక్క సరిగ్గా రాస్తే సర్కారు నౌకరీ ఖాయమన్నాడు. ఆ మాట నమ్మి ఆమె ఉప్పు మోసే తట్ట దించేసింది. గణపతిరావు కూలీల్లో ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేశాడు.

కూర్మనాథం నేర్పింది రెండే ముక్కలు. కనిపించింది కనిపించినట్టు రాయాలి. ఆలస్యంగా రాస్తే అది శాస్త్రం కాదు.

ఒంగి చూస్తే, గాజుకన్నా మడిలో దాని నీడే తేటగా ఉండేది. రేపటి వాన అందులో ఏ గీత దాకా నిలుస్తుందో తెలిసిపోయేది. నీలవేణి అదే రాసింది. గాజులో ఉన్నది రాయవేటే అని తల్లి అడిగితే, "అది నిన్నటిదే అమ్మా, పాసిపోనాది" అంది.

జ్యేష్ఠంలో పై అధికారి నరసింగరావు కూర్మనాథాన్ని వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చాడు. పక్క ఊరి పుస్తకంతో పోల్చి చూశాడు. ప్రతి వానా ఒక రోజు ముందుంది.

"మీ మడి సంగతి నాకు తెలుసమ్మా," అన్నాడు నరసింగరావు. " మా మేనకోడలి పెళ్ళిపందిరి దాన్ని చూసే వేశాం. కానీ ఈ ఫారంలో రేపటికి గడి లేదు."

"ఆలీసం సెయ్యొద్దన్నారని ముందే రాసినాను బాబూ. అంకె ఒక్కటైనా తప్పున్నాదేటి?"

ఒక్కటీ లేదు. తేదీలన్నీ ఒక గడి జరిపితే చాలు. ఆ మాట కూర్మనాథమే అనాలి. పల్లెల్లో విజ్ఞానం వ్యాప్తి చేసినందుకు ఆయనకు ఢిల్లీలో పదవి రాబోతోంది. ఆ సిఫారసు కాగితం నరసింగరావు సంచిలోనే ఉంది. కూర్మనాథం కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నేను సరిగ్గానే నేర్పాను సార్. ఈ పిల్లకే పట్టుబడలేదు."

పుస్తకం మీద అడ్డంగా ఎర్రగీత పడింది. నీలవేణి మళ్ళీ మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. పాత చోటు లేదన్నాడు. చాలా బతిమాలాక, ఎవరూ వెళ్ళని చివరి మడుల్లోకి పంపాడు.

ఢిల్లీలో కూర్మనాథం తెర మీద బొమ్మలు వేసి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఆఖరి బొమ్మ నీలవేణిది. మడి గట్టున ఒంగి, కనురెప్ప వాల్చకుండా చూస్తున్న పల్లెటూరి పిల్ల. దానికే చప్పట్లు ఎక్కువ పడేవి. అప్పటికి ఆ పిల్ల కాళ్ళకు గోనెగుడ్డ చుట్టుకుని, ఉప్పునీళ్ళలో తట్ట మోస్తూ ఉండేది.