ఎర్రబడని చెయ్యి

మా మామకు నలభై తేనెపెట్టెలు, ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళం. చూపు తగ్గాక ఆయన ఒకమాట అన్నాడు: "ఈసారి తేనె తీయడం అయ్యాక ఈగలకు పొగపెట్టే ఈ పొగడబ్బా మీలో ఒకరి చేతికిస్తా. ఎవరి చేతిలో డబ్బా ఉంటే పెట్టెలు వాళ్ళవి."

పెద్దల్లుణ్ణి నేను. పదేళ్ళుగా ఆ పెట్టెల మధ్య తిరుగుతున్నది నేను. ఇంక అనుకోవడానికేముంది?

చిన్నల్లుడు వచ్చి రెండేళ్ళు. అంతకుముందు కోతమిల్లులో పని. అక్కడ రంపం మణికట్టు దగ్గర నరం తెంపింది. వేళ్ళు బాగానే ఆడతాయి గానీ, కుడిచేతి వెనకవైపు గిల్లినా తెలియదు. ఆ చెయ్యి తొడుగు లేకుండా పెట్టెలో పెడతాడు. ఈగ కుట్టినా చెయ్యి అదరదు. చెయ్యి అదరకపోతే మిగతా ఈగలు రేగవు.

"చెయ్యంటే అదీ! పెద్దల్లుణ్ణి ఒక్కటి కుడితే వీధి వీధంతా తెలుస్తుంది," అనేవాడు మామ. మరదలు నవ్వేది. నా భార్యా నవ్వేది. నన్ను ఎక్కువ పొడిచింది ఆ రెండో నవ్వే.

ఒకరోజు ఇద్దరినీ ఒకే పెట్టె దగ్గర కుట్టాయి. నా చేతి మీద పప్పుగింజంత తెల్లటి బుడిపె లేచింది, దాని చుట్టూ అరచెయ్యంత ఎరుపు పాకింది. వాడి చేతి మీదా బుడిపె లేచింది. చుట్టూ ఎరుపు లేదు. ఈగ విషం కూడా వీడికే మర్యాద చేస్తోందా అనుకున్నాను.

తేనె తీయడం మొదలైన రోజు పాత పెట్టె ఎత్తుతుంటే చెక్క పేడు ఒకటి వాడి చేతి వెనక దిగింది. చర్మం కింద నల్లటి గీత. వాడు చూడలేదు. నేను చూశాను. చెబుదామని నోరు తెరిచాను.

"చిన్నల్లుడూ, ఇవాళ డబ్బా నువ్వు పట్టు," అన్నాడు మామ.

తెరిచిన నోరు మూసుకున్నాను.

మర్నాడు చూశాను, మూడోనాడూ చూశాను. ఎరుపు లేదు, వాపు లేదు. మొద్దుచెయ్యికి ఏమవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఐదోనాడు వాడు జ్వరంతో వణుకుతూ తేనెపట్టు చట్రం జారవిడిచాడు. గీత చుట్టూ చర్మం మెత్తబడి, కింద చీము పట్టింది.

డాక్టరమ్మ కోసి పేడు తీసింది.

"నొప్పి తెలియదంటే సరే, ముందే వాచి ఎర్రబడాలి కదండీ?" అంది మరదలు.

"నరం కబురు పంపేది మెదడుకే కాదమ్మా. ఏదన్నా దిగితే నరం కొసలు అక్కడికక్కడే కొన్ని రసాలు వదులుతాయి. రక్తం అటు చేరుతుంది, చుట్టూ ఎర్రబడుతుంది. పనయ్యాక ఇక చాలు అని వాపును సర్దడంలోనూ వాటికి పాత్ర ఉంది. ఈ చేతికి పిలుపూ ఆలస్యమే, సర్దుబాటూ ఆలస్యమే. మొదటిరోజే ఎవరన్నా చూసుంటే సూదిమొనతో పోయేది."

ఇంటికొచ్చాక మామ డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "చురుక్కుమనే చెయ్యే మేలు. నువ్వే తీసుకో పెద్దల్లుడూ."

పదేళ్ళు ఎదురుచూసిన డబ్బా. పట్టుకున్నాను. ఇంకా వెచ్చగా ఉంది.

"పేడు దిగిన రోజే చూశాను నేను," అన్నాను.

మరదలు తలెత్తింది. "చూసి?"

"చెప్పలేదు."

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. నా భార్య ఈసారి నవ్వలేదు. మామ డబ్బా నా చేతిలోంచి తీసుకుని తన మంచం కింద పెట్టుకున్నాడు.

చిన్నవాడు కట్టు చూసుకుంటూ కూర్చున్నాడు. "నిన్ను కుట్టినప్పుడల్లా నాకెంత కుళ్ళుగా ఉండేదో తెలుసా అన్నయ్యా?" అన్నాడు.

"నవ్వేది నన్ను చూసి కదరా."

"నవ్వుతూనే వదిన మంచుముక్క తెచ్చేది. అత్తయ్య ఈగ ముల్లు గీకి తీసేది. అందరూ నీ చుట్టూ చేరేవాళ్ళు. నా చేతివంక చూసింది ఎవరు?"

నేను వాడి పక్కన కూర్చుని ఆ చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను.

డబ్బా ఇంకా మామ మంచం కిందే ఉంది. పెట్టె తెరిస్తే వాడి చెయ్యి ఇప్పటికీ నాకన్నా నిదానం, నాకిప్పటికీ మంటే. పొద్దు వాలేవేళ మాత్రం వాడు చెయ్యి చాపుతాడు, నేను వెలుతురుకు తిప్పి చూస్తాను.

"ఏమన్నా ఉందా?"

"లేదు."

"నిజంగా లేదా, డబ్బా కోసం లేదంటున్నావా?"

"లేదురా," అని మళ్ళీ చూస్తాను.